కానా ఊళ్లో గొర్రెల పంచాయితీ

మా బావ యేసన్న మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మంచివాడే, కాదనడం లేదు. తాగడు, ఒకరి జోలికి పోడు, ఆదివారం అందరికంటే ముందు చర్చికి పోయి చాపలు పరుస్తాడు. ఆ మంచితనాన్ని దూరం నుంచి చూసేవాళ్లకు బాగానే ఉంటుంది. దానితో కలిసి బస్సులో వారం రోజులు తిరిగినదాన్ని నేను. అది కూడా యేసుప్రభువు నడిచిన దేశంలో.

బావది తనకల్లు దగ్గర ఒక పల్లె. ఉన్నది మెట్ట చేను. వాళ్ల నాయన కాలంలో వాన పడితే చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసేవాళ్లు, పడకపోతే కూలికి పోయేవాళ్లు. మా అక్క సువార్తమ్మ కాపురానికి వెళ్లిన కొత్తలో బావ బోరు వేయించాడు. మొదటి బోరులోనే నీళ్లు పడ్డాయి. వాళ్ల కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి. ఆ రోజు దుమ్ము తప్ప ఏమీ రాకుండా ఉంటే ఆయన ఈపాటికి సుఖంగా ఉండేవాడు. నీళ్లు చూశాడు కాబట్టి చీనీ తోట, అంటే బత్తాయి తోట పెట్టాడు. తోట కాపుకొచ్చే వేళకు బోరు ఎండింది. చెట్లను బతికించడానికి ఇంకో బోరు, అది ఎండితే మరొకటి. చివరికి చెట్లు కొట్టి బొగ్గుల వాళ్లకు ఇచ్చేశాక కూడా బోర్లు ఆగలేదు. చెట్లే లేవు కదా, ఇంక నీళ్లెందుకు బావా అని అడిగితే, నీళ్లు పడితే చెట్లు పెట్టొచ్చు కదా అంటాడు. ఇప్పుడు ఆ చేలో తల దించుకొని నడవాలి. ఎక్కడ చూసినా కేసింగు పైపుల మొండేలు, వాటి మీద కప్పిన బండలు. ప్రతి బోరుకూ ముందు ఆయన చెప్పే మాట ఒకటే: "ఈ ఒక్కటీ చూస్తాం."

ఇన్నేళ్లూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే మా అక్క గొర్రెల వల్ల. మా అమ్మ ఇచ్చిన ఒక గొర్రెతో మొదలుపెట్టి మందను చేసుకుంది. ఎండలో, వానలో వాటి వెనకాలే తిరిగి నల్లబడిపోయింది. బావ మాత్రం కర్ర పట్టుకొని ఒక్క పూట వాటి వెంట పోయిన పాపాన పోలేదు. "నేను రైతునబ్బా. గొర్రెలు కాసేవాణ్ని కాదు," అంటాడు. ఆ చేలో మొలిచిందేమీ లేదు, ఈయన మాత్రం రైతు.

నేను గుత్తిలో బడి పంతులమ్మను. యేసుప్రభువు దేశంలో ఈ యుద్ధం రాకముందు ఒక ఏడాది, దసరా సెలవుల్లో మా పాస్టరు కృపానందం గారు జిల్లా విశ్వాసులందరినీ కూడగట్టి పరిశుద్ధ దేశ యాత్ర పెట్టారు. అక్కను తీసుకుపోవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. అక్క మొదట రానంది. గొర్రెలను ఎవరు చూస్తారు అంది. బావ అయితే ఆ మాటే చెవిన వేసుకోలేదు. అలాంటిది, ఒకరోజు ఆయనే ఫోన్ చేసి, "అరుణమ్మా, మేమిద్దరమూ వస్తాం. గొర్రెల్ని పక్కింటి దాసప్ప చూస్తాడంట," అన్నాడు. దేవుడు ఇన్నాళ్లకు ఈయన మనసు తిప్పాడని నేను ఇంట్లో మోకరించి ప్రార్థన చేసుకున్నాను. నాకంత బుద్ధిలేని ప్రార్థన ఎన్నడూ చేసిన గుర్తు లేదు.

ఆ దేశంలో దిగిన రోజు నుంచీ మొదలైంది. గలిలయ సముద్రం ఒడ్డున నిలబడి అందరూ పాటలు పాడుతుంటే, ఈయన నా చెవి దగ్గరికి వచ్చి, "ఇన్ని నీళ్లుండాయి, మోటర్లు యాడ పెట్టినారు?" అని అడిగాడు. ప్రభువు బోధ చేసిన కొండకు పోతే అక్కడ మనిషి లేడు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టబోతూ తలలు చూసుకుంటే యేసన్న కనబడలేదు. గైడు అటు పరిగెత్తాడు, నేను ఇటు పరిగెత్తాను. కొండ కింద అరటి తోటలో దొరికాడు. గొంతుకూర్చొని డ్రిప్పు పైపును వేళ్లతో వత్తి చూస్తున్నాడు.

"బావా, పైన అంతా నీ కోసం నిలబడుకున్నారు!" అని అరిచాను.

"ఉండు అరుణమ్మా. ఈడ ఎన్నడుగులకు పడతాయో ఆ గైడునడుగు."

"ఆయన నీకు బోర్లు చూపించే గైడు కాదు!"

"ఈ ఊరోడే కదా. తెల్సుండాల గదా."

ఆ గైడు అక్కడి క్రైస్తవుడు, మర్యాదస్తుడు. నేను ఇంగ్లీషులో అడిగితే పాపం, తనకు తెలియదని చెప్పి క్షమించమన్నాడు. మా బావ ఆయన వైపు చూసి పెదవి విరిచాడు.

తర్వాత యొర్దాను. అందరమూ తెల్ల అంగీలు వేసుకొని నీళ్లలో మునిగాం. అక్క కళ్లు మూసుకొని నిలబడింది, ఏం అడుగుతున్నదో, పెదవులు కదులుతూనే ఉన్నాయి. అందరూ ఇంటికి చిన్న చిన్న సీసాల్లో నీళ్లు పట్టుకున్నారు. మా బావ సంచిలోంచి నూనె క్యాను తీశాడు. మనం పెళ్లిళ్లకు వంట చేయించేటప్పుడు తెచ్చుకునే పెద్ద క్యాను. ఇంటి దగ్గర శుభ్రంగా కడిగి, వచ్చేటప్పుడు అందులో చెనిక్కాయలు పోసుకొచ్చాడు. మాకు దారంతా చెనిక్కాయలు పంచిపెడుతుంటే ఎంత ప్రేమ అనుకున్నాను. క్యాను ఖాళీ చేస్తున్నాడని నాకేం తెలుసు?

"ఇన్ని నీళ్లు దేనికి బావా?"

"పాయింట్లో పోయల్ల."

"ఏ పాయింటు?"

ఆయన అక్క వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈశాన్యం మూల టెంకాయతో నీళ్ల జాడ చూపించినా. అరిచేతిలో టెంకాయ నిట్టనిలువునా లేసింది అరుణమ్మా! మిషనోడు కూడా ఆడే చూపించినాడు. ఈ నీళ్లు పోసి దిగితే ఇంక తిరుగు లేదు. ఈ ఒక్కటీ చూస్తాం."

అప్పుడు అర్థమైంది, దేవుడు తిప్పిన మనసు ఎటు తిరిగిందో. నది మధ్యలో నిలబడి నేను తల పట్టుకున్నాను. అక్క తడిబట్టలతో వచ్చి వెనక నిలబడి ఉంది. అంతా విన్నది.

"బోరు దేంతో వేస్తావప్పా?" అని అడిగింది నెమ్మదిగా.

"దేవుడు చూస్తాడులే," అన్నాడు బావ. క్యాను మూత బిగించుకొని బట్టలు మార్చుకునే గది వైపు వెళ్లిపోయాడు. ఎవరైనా సూటిగా ఏదైనా అడిగితే అక్కడి నుంచి జారుకోవడం ఆయనకు అలవాటు. ఇంట్లో అయితే చేనికి పోతాడు, చుట్టాల ఇంట్లో అయితే నీళ్లు తాగొస్తానంటాడు.

మర్నాడు కానా ఊరికి పోవాలి. ప్రభువు పెళ్లి ఇంట్లో నీళ్లను ద్రాక్షారసం చేసిన ఊరు. అక్కడి చర్చిలో యాత్రకు వచ్చిన దంపతులు తమ పెళ్లి ప్రమాణాలను మళ్లీ చేస్తారు. దాని కోసం మా ఆడవాళ్లు బెంగళూరు నుంచి కాగితం పూల దండలు తెచ్చారు, పెళ్లినాటి పట్టుచీరలు పెట్టెల అడుగున మడిచి తెచ్చుకున్నారు. అక్క కూడా ధర్మవరం చీర తెచ్చుకుంది. పెళ్లికి మా నాయన కొనిచ్చింది.

పొద్దున హోటల్లో టిఫిను దగ్గర ఆ చీర కట్టుకొని కూర్చొని, రోజూలాగే హోటలు వైఫైలో నా ఫోను నుంచి దాసప్పకు వీడియో కాల్ చేసింది. గొర్రెలను చూడందే ఆమెకు ముద్ద దిగదు. తెరమీద దాసప్ప ముఖం, వెనకాల మంద.

"వదినా, వీటిని మేతకు తోల్లేదు. బండి మధ్యాన్నమే వస్తాదంట కదా, దొడ్లోనే ఆపినా. ఆ కుంటిదాన్ని కూడా ఎక్కించల్లనా, దాన్ని పెట్టుకుంటారా?"

"ఏ బండప్పా?"

"వ్యాపారి బండి వదినా. కదిరి సంతకు. అన్న మీకు చెప్పలేదా?"

"చెప్పినాడులే," అని అక్క ఫోన్ పెట్టేసింది.

నాకు రక్తం తలకెక్కింది. లేచాను. మా బావ అవతల మూల పళ్లెంలో కోడిగుడ్లు పెట్టుకుంటున్నాడు. అక్క నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"ఇప్పుడడగొద్దుమ్మే. ఇప్పుడడిగితే బాత్రూముకు పోతాడు. ఆయప్ప పారిపోను వీల్లేని తావ అడుగుతా."

ఆ తావు ఏదో నాకు తట్టలేదు. బస్సెక్కిన తర్వాత కూడా తట్టలేదు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బావ ముందు సీట్లవాళ్లతో బోర్లు వేసే రిగ్గుల గురించి మాట్లాడుతూ వచ్చాడు. ఇంకొన్ని గంటల్లో మంద బండెక్కుతుంది, నేను ఊరికే కూర్చోవాలంట. నా పళ్లు నేనే కొరుక్కున్నాను.

కానా చర్చిలో దంపతులను జంటలు జంటలుగా నిలబెట్టారు. వీడియో బాగా రావాలని పాస్టరు గారు ఒక్కొక్క జంటనూ ముందుకు పిలిచి విడిగా ప్రమాణం చేయిస్తున్నారు. బయట ఏదో దేశపు గుంపు తమ వంతు కోసం పాటలు పాడుతూ ఎదురుచూస్తోంది. గైడు గడియారం చూసుకుంటున్నాడు. మా వాళ్ల వంతు వచ్చింది. బావ మెడలో దండ, అక్క మెడలో దండ. ఆయన ముఖం చూస్తే పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

"యేసన్నా, సువార్తమ్మను మళ్లీ నీ భార్యగా అంగీకరిస్తున్నావా?"

"అంగీకరిస్తాండా!" చర్చి మారుమోగేలా చెప్పాడు.

"సువార్తమ్మా, యేసన్నను మళ్లీ నీ భర్తగా అంగీకరిస్తున్నావా?"

అక్క మాట్లాడలేదు. పాస్టరు గారు వినబడలేదేమో అనుకొని మళ్లీ అడిగారు.

"నా గొర్రెల్ని అమ్మనని ఈయప్పను చెప్పమనండి అయ్యగారూ. అప్పుడు చెప్తా," అంది.

చర్చిలో అందరూ ఒకేసారి మాట్లాడారు. నాకు అప్పుడు వెలిగింది. మెడలో దండతో, పాస్టరు ముందర, ప్రభువు నిలబడిన చోట నుంచి మా బావ ఎక్కడికి పోగలడు?

"ఏందే ఇది? ఇంటికాడ మాట్లాడుకుందాం," అన్నాడు బావ.

"ఇంటికి పోయేసరికి దొడ్డి ఖాళీగా ఉంటాది. మధ్యాన్నం బండి వస్తాదంట. ఇప్పుడే చెప్పు."

"ఏం బండి? ఎందుకమ్మా?" అని పాస్టరు గారు నా వైపు చూశారు. నేను చెప్పేశాను. బోరు వేయడానికి మంద అమ్ముతున్నాడని, అక్కకు చెప్పలేదని. తప్పు తేలింది కదా, మా వాళ్లు నాలుగు చీవాట్లు పెడతారని నేను చూస్తున్నాను. పెట్టలేదు. మగవాళ్లంతా మా బావ చుట్టూ మూగారు.

"ఏ పక్క చూపించినావన్నా?" అన్నాడు బత్తలపల్లె నుంచి వచ్చిన ఒకాయన.

"ఈశాన్యం."

"టెంకాయా, మిషనా?"

"రెండూ."

"రెండూ ఒకే తావ చూపించినాయా? అయితే పడతాదన్నా."

"మాకు ఈశాన్యంలోనే ఎండిపాయ. నైరుతిలో చూసుకో."

కానా ఊళ్లో, ప్రభువు మొదటి అద్భుతం చేసిన చోట, అనంతపురం మగవాళ్లు దండలు వేసుకొని బోరు ఎన్నడుగులు వేయాలో మాట్లాడుకుంటున్నారు! కోపంలో ఏం మాట్లాడతానో అని భయపడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. గైడు నా దగ్గరికి వచ్చి, ఏమైనా ఆరోగ్యం బాగాలేదా, డాక్టరు కావాలా అని అడిగాడు. డాక్టరుతో నయమయ్యే జబ్బు కాదని చెప్పాను.

పాస్టరు గారు చేతులు పైకెత్తి అందర్నీ ఆపారు. "యేసన్నా, ఇది దేవుని సన్నిధి. ఆమె అడిగిన మాట చెప్పి ముగించు నాయనా. బయట జనం నిలబడుకున్నారు."

అబద్ధానికైనా సరేనంటే పని జరిగిపోయేది. చెప్పడు! అదే చెప్పాను కదా, మంచివాడు. "ఈడ నిలబడి చెప్తే తప్పేదానికి లేదు అయ్యగారూ. చెప్పలేను," అన్నాడు. అని అక్క వైపు తిరిగాడు. "నీళ్లను ద్రాక్షారసం చేసినాయన ఆ మన్నులోంచి రవ్వన్ని నీళ్లియ్యలేడా సువార్తా? నీకు నమ్మకం లేదా?"

చుట్టూ ఒకరిద్దరు 'ఆమేన్' కూడా అన్నారు.

అక్క ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "ఆ పెళ్లింట్లో నీళ్లు యాడివి?"

"ఏం?"

"బానలకు అంచులదాకా పోసినారు కదా, ఆ నీళ్లు యాడివి? పనోళ్లు పోసినారు. పనోళ్లు మోసుకొచ్చినారు. ప్రభువు ఉన్న నీళ్లనే మార్చినాడు. ఇల్లమ్మి ఈడ బోరెయ్యండని ఎవురికీ చెప్పలే." ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఇన్నేండ్లూ నీళ్లు మోసిందాన్ని నేను! నీకూ, పిల్లోళ్లకూ, గొర్రెలకూ మోసిందాన్ని నేను! ఉన్నదాన్ని నువ్వు సంతకు తోలి, లేనిదాన్ని దేవుణ్ని అడుగుతాండావు!"

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అక్క పక్కన నిలబడ్డారు. అక్క మెడలోంచి దండ తీయడానికి చేతులు పైకెత్తింది. ఏడవడం లేదు. ఏడ్చినా నాకు అంత భయం వేసేది కాదు. ఈ మనిషి నిజంగానే కాదంటుందని నాకు తెలిసిపోయింది.

బావకూ తెలిసిపోయినట్టుంది. చెయ్యి చాపాడు. "ఫోనియ్యండి అయ్యగారూ," అన్నాడు.

ఆ దేశపు సిమ్ము పాస్టరు గారి ఫోన్లో మాత్రమే ఉంది. నేను నంబరు నొక్కాను, స్పీకరు పెట్టాను. ఫోన్ ఎత్తగానే చర్చి నిండా గొర్రెల అరుపులు వినబడ్డాయి.

"అన్నా! బండి తొందరగా వచ్చేసింది. ఎక్కిస్తాండాం," దాసప్ప గట్టిగా అరుస్తున్నాడు.

బావ ఫోను దగ్గరికి వంగాడు. "ఎంతమట్టుకు ఎక్కినాయి?"

"సగం ఎక్కినాయన్నా."

బావ అక్క వైపు చూశాడు. "అయితే ఆ సగం పోనీలే…" అని మొదలుపెట్టాడు. దేవుడా, ఈ మనిషిని ఏం చెయ్యాలి! అక్క దండను తల మీదుగా తీసేసింది.

"దించు దాసప్పా," అన్నాడు బావ.

"అన్నా?"

"దించు. అన్నీ దించు."

"వ్యాపారి తిడతాండాడన్నా!"

"తిట్టనీ. అమ్మేది లేదని చెప్పు. అవి మీ వదినవి."

ఫోన్ నా చేతికిచ్చి తల వంచుకొని నిలబడ్డాడు. పాస్టరు గారు చెమట తుడుచుకొని, బతిమాలుతున్నట్టు, "అమ్మా, ఇప్పుడైనా…" అన్నారు. అక్క దండ మళ్లీ వేసుకుంది, కొంగు సర్దుకుంది. "అంగీకరిస్తాండాలే," అంది.

బస్సులో రిగ్గుల మాటలు ఆగిపోయాయి. కిటికీ బయట ఆలివు తోటలు పోతున్నాయి, డ్రిప్పు పైపులు కనబడుతూనే ఉన్నాయి, ఆయన తల తిప్పి చూడలేదు. చాలాసేపటికి, అక్కతోనో తనతోనో తెలియదు, "ఇంక పొద్దున లేస్తే యాడికి పోవల్ల నేను?" అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మీద నాకు జాలేసింది. నీళ్ల కోసం వేశాడనుకున్నాను అన్ని బోర్లూ. ఒక్కో బోరూ ఆయనకు పొద్దున్నే లేవడానికి ఒక పని.

"గొర్రెల ఎనక పో," అంది అక్క.

తిరిగొచ్చేటప్పుడు ఆ క్యాను నా పెట్టెలోనే పెట్టాల్సి వచ్చింది, ఆయన పెట్టె బరువెక్కువైందని. అది కారి నా చీరలన్నీ తడిసి ముద్దయ్యాయి. బెంగళూరులో పెట్టె తెరిచి చూపిస్తే, "పుణ్యనీళ్లు అరుణమ్మా, ఏం కాదు," అన్నాడు. కారింది పోగా క్యానులో మిగిలిన నీళ్లను ఆయన చర్చిలో బాప్తిస్మాలకు ఇచ్చాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మా బావ గొర్రెలు కాస్తాడు. నిజంగానే కాస్తున్నాడు, అక్క కీళ్ల నొప్పులకు కాస్త విశ్రాంతి దొరికింది. ఇంక ఈ కథ ఇంతటితో అయిపోయిందనుకున్నాను. మొన్న నేను బడిలో ఉండగా ఫోన్ చేశాడు. గొంతులో పాత హుషారు.

"అరుణమ్మా, గుట్ట కింద ఒక తావుండాది. రోజూ మధ్యాన్నం గొర్రెలన్నీ పోయి అదే తావున పండుకుంటాండాయి. ఇంకోతావ పండుకోవు. చల్లంగుంటే కదా పండుకునేది? కింద నీళ్లుండాయి!"

పిల్లల ముందరే ఫోన్ నేలకేసి కొడదామనిపించింది. కట్ చేసి, వరండాలోకి వచ్చి అక్కకు చేశాను. "అక్కా, మళ్లీ మొదలుపెట్టినాడు. గుట్ట కింద అంట…"

"తెల్సుమ్మే. నన్ను తోడుకొనిపోయి చూపించినాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా. పొద్దున సద్దిమూట కట్టుకోని వచ్చి ఆ తావునే కూచుంటాండా. ఇప్పుడు కూడా ఆడనే ఉండా. ముందు నన్ను లేపు, తర్వాత ఎయ్యి బోరు అని చెప్పినా."